మన కొండల గురించి రాసింది మన పిల్లలు చదవగలగాలి: ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాలకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెద్దలకు నమస్కారం.

అయ్యా, అమ్మా,

శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మేడ మీద ఒక అద్దె గది తీసుకుని నేను జర్మన్ నేర్పుతున్నాను. మానవశాస్త్రం, జర్మన్ కలిపి చదివే డిగ్రీ ఒకటి మన దగ్గర పెట్టమని అడగడానికే ఈ లేఖ. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన ఆడపిల్లలే. టెక్కలి, పలాస, పాతపట్నం, సీతంపేట నుంచి బస్సుల్లో వస్తారు. కొందరు ఇక్కడే హాస్టళ్లలో ఉంటారు.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒకమ్మాయి మాత్రం బ్యాగు సర్దుకుంటున్నట్టు నిలబడిపోయింది. సాలూరు అవతల పాచిపెంట వైపు పిల్ల. అందరూ వెళ్లారని చూసుకుని బ్యాగులోంచి పది జిరాక్సు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. అంతా జర్మన్. అప్పటికి ఆమె ఏ2 లెవెల్లో, అంటే ఇంకా రెండో మెట్టు మీదే ఉంది. ఆ పేజీల్లో తనకు బాగా తెలిసిన మాట ఒక్కటే కనిపించిందట: గదబ. అది ఒక తెగ పేరు, ఆ అమ్మాయిదీ ఆ తెగే. వాళ్ల అమ్మమ్మ పుట్టిల్లు సరిహద్దు దాటాక ఒడిశాలోని నందపురం వైపు. "మా గురించి ఏటో రాసేరు మేడమ్. మంచి రాసేరో సెడ్డ రాసేరో తెలీదు. కొంచెం సదివి సెప్తారా?" అని అడిగింది.

ఆ రోజు రాత్రి ఆ కాగితాలు పక్కన పెట్టుకునే ఈ లేఖ మొదలుపెట్టాను.

అవి పీటర్ బెర్గర్ అనే మానవశాస్త్రవేత్త రాసిన పుస్తకంలోని పేజీలు. ఆయన కోరాపుట్ కొండల్లో గదబల మధ్య చాలాకాలం ఉండి, వాళ్ల పూజలూ తిండీ బంధుత్వాలూ చూసి 2007లో జర్మన్‌లో ఒక పెద్ద పుస్తకం వేశారు. ఇంగ్లిషులో అది 2015లో వచ్చింది. అంటే మన పక్క కొండల మీద ఏం జరుగుతుందో బెర్లిన్‌లో చదివేవాళ్లకు తెలిసిన ఎనిమిదేళ్లకు గానీ ఇంగ్లిషు వచ్చిన మన పిల్లలకు అందలేదు. తెలుగులో దాని సంగతి మాట్లాడుకున్నవాళ్లు నాకైతే ఎదురుపడలేదు.

మేమిద్దరం పుస్తకం పేరు దగ్గరే వారం రోజులు ఆగిపోయాం. జర్మన్ పేరులో మూడు క్రియలున్నాయి: ఫ్యూటర్న్, ష్పైజెన్, ఫెర్‌ష్లింగెన్. మొదటిది పశువుకు మేత వేయడానికీ పసిపిల్లకు తినిపించడానికీ వాడతారు. రెండోది కూర్చుని మర్యాదగా భోంచేయడం. మూడోది మింగేయడం. జర్మన్‌లో మనిషి తింటే ఎస్సెన్, జంతువు తింటే ఫ్రెస్సెన్. మన దగ్గరా ఆవు మేస్తుంది, మనిషి తింటాడు, చుట్టం భోంచేస్తాడు, దేవుడు ఆరగిస్తాడు. ఇది చెప్పగానే ఆ అమ్మాయికి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇంగ్లిషు పుస్తకం పేరు చూస్తే మధ్య మాట మారిపోయింది. భోంచేయడం ఉన్నచోట పంచుకోవడం వచ్చింది. తప్పని నేను అనడం లేదు, అనువాదం అన్నాక ఏదో ఒకటి జరుగుతుంది. కానీ పక్కన కూర్చుని భోంచేయడం వేరు, పంచుకోవడం వేరు. "మా ఇళ్లల్ల ఎవులి కుండలో కూడు ఎవులు తినొచ్చో దానికి లెక్కుంటాది మేడమ్. అమ్మమ్మ సెప్తాది" అంది ఆ పిల్ల. రెండు భాషలు పక్కపక్కన పెట్టినందువల్లే ఆ మాట ఆమె నోట వచ్చింది.

నేను అడిగేది ఇదీ. మన రెండు జిల్లాల విశ్వవిద్యాలయాల్లో సామాజిక మానవశాస్త్రం (ఆంత్రోపాలజీ), జర్మన్ భాష కలిపి చదివే డిగ్రీ ఒకటి పెట్టండి. సాయంత్రం సర్టిఫికెట్ కోర్సు ఒకటి, పొద్దున్న ఎంఏ ఒకటి అని విడివిడిగా వద్దు. ఒకే టైంటేబుల్లో, ఒకే మార్కుల జాబితాలో రెండూ ఉండాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పక తప్పదు. మాది రాజాం దగ్గర పల్లెటూరు. నాన్న ఆర్టీసీ కండక్టర్. ఒక పెద్ద ఊళ్లో ఎంఏ ఆంత్రోపాలజీ చేరాను, సాయంత్రాలు జర్మన్ డిప్లొమాకి వెళ్లేదాన్ని. రెండో ఏడాది పరీక్షలప్పుడు రెండు హాల్‌టికెట్లు వచ్చాయి. ఒకే తేదీ, ఉదయం పది నుంచి ఒంటిగంట. ఒకదాంట్లో బంధుత్వ వ్యవస్థల పేపరు, ఇంకోదాంట్లో జర్మన్ వ్యాకరణం. ఆఫీసుకి వెళ్తే అక్కడి పెద్దాయన రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "ఏదో ఒకటి ఎంచుకో అమ్మా. ఈ రెంటికీ సంబంధం ఏముంది?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన ముందున్న రూల్ బుక్కులో నిజంగానే ఆ రెంటికీ సంబంధం లేదు. నేను ఆంత్రోపాలజీ రాశాను, జర్మన్ పేపరు పోయింది. డిప్లొమా చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. హాస్టల్ ఫీజు నాన్న పీఎఫ్ లోన్ పెట్టి కట్టారు.

ఆ రెంటికీ సంబంధం ఏముందో అప్పుడు నాకూ చెప్పడం రాలేదు. ఇప్పుడు చెప్పగలను.

ఎంఏ మొదటి ఏడాది సెలవుల్లో సీతంపేట కొండల్లో ఒక సవర ఊరికి ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లాను. తెలుగులో అచ్చు వేసుకున్న ప్రశ్నలు నలభై రెండు. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను ఒక్కో ప్రశ్నా చదువుతున్నాను, ఆవిడ "ఔను" అంటోంది. పోడు చేస్తారా, ఔను. పోడు మానేశారా, ఔను. నలభై రెండూ నింపుకుని సంతోషంగా దిగి వచ్చాను. ఆ ఏడాది చివర్లో జర్మన్ క్లాసులో టీచరు గబగబా ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా నోటినుంచి వచ్చింది "యా", అంటే ఔను. మళ్లీ అడిగింది, మళ్లీ "యా". ఇంటికి నడుస్తుంటే ఆ ముసలమ్మ కళ్లముందు కనిపించింది. ఆవిడ నా ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదని మర్యాద చేసింది. ఆ నలభై రెండు జవాబుల్లో ఒక్కటి కూడా నమ్మడానికి లేదు. వాటి మీదే నాకు మంచి మార్కులొచ్చాయి.

పాతికేళ్లు వచ్చాక కొత్త భాష నేర్చుకుంటే మనిషి మళ్లీ పిల్లవాడవుతాడు. సొంతూళ్లో తెలివైనవాడు అక్కడ మంచినీళ్లు అడగడానికి తడుముకుంటాడు. ఎదుటివాళ్లు సరిదిద్దితే వినాలి. అర్థంకాకపోతే అర్థం కాలేదని చెప్పే ధైర్యం తెచ్చుకోవాలి. ఆంత్రోపాలజీ విద్యార్థికి కావలసింది సరిగ్గా ఇదే. దీన్ని క్లాసురూములో సిద్ధాంతంగా చెప్తే ఎక్కదు, ఒంటికి పట్టాలి. బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే ఉండి 1922లో పుస్తకం వేశాకే ఫీల్డ్‌వర్క్ అంటే ఇలా ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. అంతకు చాలా ముందే జర్మనీలో పుట్టి పెరిగిన ఫ్రాంజ్ బోయాస్ 1883లో కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవికి వెళ్లి ఎస్కిమోలని అప్పట్లో పిలిచిన ఇన్యూట్ ప్రజల మధ్య ఏడాది ఉన్నాడు. ఆయన వెళ్లింది భూగోళం చదవడానికి, తిరిగొచ్చింది మనుషుల్ని చదివేవాడిగా. అమెరికాలో ఈ శాస్త్రానికి పునాది వేసింది ఆయనే.

వీళ్ల పేర్లు చెప్తే దూరపు సంగతుల్లా ఉంటాయి. దగ్గరి సంగతి చెప్తాను. మన శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారు. సవరల్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి, వాళ్ల దగ్గర విద్యార్థిగా వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం, దండలు వేస్తున్నాం. కానీ ఆయన సగం జీవితం పెట్టి చేసిన ఆ పనిని కొనసాగించే డిగ్రీ ఆయన సొంత జిల్లాలో ఎక్కడుంది? విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు పర్షియన్ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం పద్యాలను మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. 1932లో అది అచ్చయింది. ఈ నేల మీద పరాయి భాష నేర్వడం కొత్తేమీ కాదు.

సరే, ఫ్రెంచో జపనీసో కాకుండా జర్మనే ఎందుకు అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న, నన్ను చాలామంది అడిగారు.

మన మీద రాసింది ఆ భాషలో ఉంది కాబట్టి. 1880ల్లో జర్మనీ ఉత్తరాన ఉన్న బ్రెక్లుమ్ అనే ఊరినుంచి లూథరన్ మిషనరీలు ఈ వైపు వచ్చారు. కోరాపుట్, జయపురంతో పాటు మన సాలూరు, పార్వతీపురాల్లో కూడా వాళ్ల స్టేషన్లు ఉండేవి. జ్వరాల గురించి, సంతల గురించి, కరువుల గురించి, కొండవాళ్ల పెళ్లిళ్ల గురించి వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు, నివేదికలు జర్మన్‌లో ఉన్నాయి. వాళ్ల దృష్టి మిషనరీ దృష్టే, అన్నీ అలాగే తీసుకోమని నేను చెప్పను. కానీ నూట ముప్పై ఏళ్ల కిందటి సాలూరు సంత ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ కాగితాలు తిప్పకుండా కుదరదు. పైగా అవి కురెంట్ అనే పాత గొలుసుకట్టు లిపిలో ఉంటాయి. ఈనాటి జర్మన్ పిల్లలకే ఆ రాత చదవడం రాదు. మన పాత దస్తావేజుల్లో గొలుసుకట్టు రాత చదివే కరణాల ఇళ్లు ఇంకా ఉన్న జిల్లాలివి. ఆ ఓపిక మన పిల్లల రక్తంలో ఉందని నా నమ్మకం.

సవర భాష ముండా కుటుంబానిది. ఆ కుటుంబంలోని భాషల ధ్వనులను పోల్చి చూడాలంటే 1959లో హైన్‌ట్స్ యూర్గెన్ పిన్నో అనే భాషావేత్త ఖడియా భాష గురించి జర్మన్‌లో వేసిన పుస్తకం ఇప్పటికీ తెరవాల్సిందే. ఆదిలాబాద్ గోండుల గురించి తెలుగువాళ్లందరికీ తెలిసిన హైమన్‌డార్ఫ్ వియన్నా మనిషి, జర్మన్ ఆయన మాతృభాష. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ పాస్‌పోర్టు కారణంగానే ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటిపోకుండా ఉంచారు. ఆ కట్టడి వల్లే చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల మీద అంత పని జరిగింది.

హాలె సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అది జర్మనీలో ఒక మామూలు ఊరు. బెంజమిన్ షుల్ట్‌జ్ అనే మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని వెళ్లి 1740ల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ ఊళ్లోనే. మన అక్షరాలు మొదట అచ్చుకెక్కింది అక్కడ. సామాజిక మానవశాస్త్రానికి మాక్స్ ప్లాంక్ సంస్థ 1999లో వెలిసిందీ ఆ హాలెలోనే. మన అక్షరం, ఈ శాస్త్రం, ఆ భాష ఒకే ఊళ్లో కలిశాయి. మన టైంటేబుల్లో కలవడానికి అడ్డం ఏమిటి?

చీకటి వైపు దాచి అడగను. మనుషుల్ని జాతులుగా విడదీసి, పుర్రెలు కొలిచి, చివరికి గ్యాస్ ఛాంబర్ల దాకా తీసుకెళ్లిన రాతలు కూడా జర్మన్‌లోనే ఉన్నాయి, అందులో ఆంత్రోపాలజీ పేరు పెట్టుకున్నవాళ్ల చేతులున్నాయి. ఆ జాతి సిద్ధాంతం మీద జీవితాంతం పోరాడిన బోయాస్ పెరిగిందీ అదే భాషలో. మన వైపూ ఇంగ్లిషువాళ్లు తక్కువ చేయలేదు. ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ముక్కులు, తలలు కొలిచిన అంకెలు అందులో ఉన్నాయి. సవరలూ గదబలూ ఉన్నారు. అలా కొలతలిచ్చినవాళ్ల మునిమనవలు ఇవాళ మీ హాస్టళ్లలో ఉన్నారు. ఆ పుస్తకాలు తెరిచి, ఇక్కడ కొలిచిన మనిషి పేరెందుకు లేదు అని అడగాల్సింది వాళ్లే. 2017లో జర్మనీలోని మానవశాస్త్రవేత్తల సంఘం తన పేరులోంచి 'ఫోల్కర్‌కుండె' అన్న పాత మాట తీసేసి 'సామాజిక, సాంస్కృతిక మానవశాస్త్రం' అని పెట్టుకుంది. వలసకాలంలో దోచుకుపోయిన బెనిన్ కంచు విగ్రహాలను 2022లో ఆ దేశం నైజీరియాకు తిరిగి అప్పగించింది. అక్కడ లెక్కలు తిరగేస్తున్నారు. ఆ లెక్కల పుస్తకం చదవగలిగినవాళ్లు మనలోనూ కొందరుండాలి.

ఇప్పుడు క్లాసులో జరిగే చిన్న విషయం ఒకటి. మొదటి నెలలో ప్రతి బ్యాచీ నన్ను అడిగే ప్రశ్న ఇది: "మేడమ్, జర్మన్‌లో అమ్మాయి అంటే మేట్‌షెన్, అది నపుంసక లింగం అంటారేటి? అమ్మాయిని వస్తువు కింద జమ కడతారా?" ఆ మాట చివర 'షెన్' అన్న ముద్దు ప్రత్యయం ఉంటే ఏదైనా నపుంసకమే అని వ్యాకరణం చెప్తాను. తర్వాత బోర్డు మీద తెలుగులో రెండు వాక్యాలు రాస్తాను. అమ్మాయి వచ్చింది. ఆవు వచ్చింది. అబ్బాయి మాత్రం వచ్చాడు. గదిలో చప్పుడు ఆగిపోతుంది. పుట్టినప్పటినుంచి రోజూ అంటున్న మాట. ఎవరూ ఎప్పుడూ ఆగి చూడలేదు. ఎదుటివాళ్ల భాషలో వింత కనిపించగానే మన భాష వైపు తిరిగి చూడాలన్నది మూడేళ్ల ఆంత్రోపాలజీలో నేర్పే పాఠం. జర్మన్ క్లాసులో అది పది నిమిషాల్లో దొరికింది.

చుట్టరికాల పాఠం ఇంకా బాగుంటుంది. ఇప్పటి జర్మన్‌లో ఓంకెల్, టాంటె అంటే చాలు, మనం ఇంగ్లిషులో అంకుల్, ఆంటీ అన్నట్టే. పిల్లలు "ఇంత పేద భాషా!" అంటారు. ఒకప్పుడు అలా లేదు. అమ్మ అన్నదమ్ముడు ఓహైమ్, నాన్న అన్నదమ్ముడు ఫెట్టర్. అమ్మ అక్కచెల్లెలు మూమె, నాన్న అక్కచెల్లెలు బాజె. అంటే మేనమామ, బాబాయి, పిన్ని, మేనత్త నలుగురూ వేరువేరుగా ఉండేవారు. ఫ్రెంచి మోజులో ఓంకెల్, టాంటె వచ్చి కూర్చున్నాయి, పాత మాటలు పక్కకు పోయాయి. ఫెట్టర్ చివరికి పెదనాన్న, బాబాయిల కొడుకులకూ మేనమామ కొడుకులకూ అందరికీ ఒకే పేరైపోయింది. ఇది చెప్పిన రోజు టెక్కలి అమ్మాయి ఒకతి లేచి, "మా అక్క పిల్లలు మా అమ్మని గ్రాండ్‌మా అంటారు మేడమ్, మా మామయ్యని అంకుల్ అంటారు" అంది. ఆ మాట తర్వాత అరగంట క్లాసు నేను నడపలేదు, పిల్లలే నడిపారు. ఎవరి ఇంట్లో ఏ పిలుపు పోయింది, అప్ప అనే పిలుపు ఎక్కడ ఇంకా ఉంది, బావని అన్నయ్య అంటే ఇంట్లో ఎందుకు ఒప్పుకోరు, జాతాపుల్లో ఏమంటారు, సవరల్లో ఏమంటారు. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1871లో ప్రపంచం నలుమూలల చుట్టరికపు మాటలు సేకరించి వేసిన గ్రంథంలో మన తెలుగు మాటలున్నాయి. మన మేనరికం 'ద్రావిడ బంధుత్వం' పేరుతో ప్రపంచంలో ఆంత్రోపాలజీ చెప్పే ప్రతిచోటా పాఠం. ఆ పాఠానికి పుట్టిల్లయిన ఊళ్ల పిల్లలు మాత్రం దాన్ని చదవడంలేదు.

ఆచరణకు వస్తే ఇదేమీ కొండ ఎత్తే పని కాదు. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, వచ్చింది, పక్కన మైనర్ అన్న మాట వచ్చింది. సామాజిక మానవశాస్త్రం మేజర్, జర్మన్ మైనర్ అని ఒక కాంబినేషన్ రాసుకుంటే దారి పడుతుంది. రోజుకు ఒక గంట చొప్పున నాలుగు సెమిస్టర్లు చెప్తే శ్రద్ధగల పిల్లలు మూడో మెట్టయిన బీ1 అందుకుంటారు. నా అద్దె గదిలో బల్లలు చాలక కింద చాప వేసుకుని కూర్చుని అందుకున్నవాళ్లున్నారు. టీచర్లు దొరకరంటారేమో. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) బీఏ, ఎంఏ జర్మన్ చదివి బయటకు వచ్చిన తెలుగు పిల్లలు కార్పొరేట్ అనువాదాల్లో పని చేస్తున్నారు. పర్మనెంట్ పోస్టు ఇస్తామంటే సొంతూళ్లకు వచ్చేవాళ్లు అందులో ఉంటారు. గెస్ట్ ఫ్యాకల్టీ అని గంటల లెక్కన ఇస్తే మాత్రం ఎవరూ నిలవరు, అది ముందే చెప్తున్నాను.

విజయనగరం జిల్లాలోనే 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయినా ఆ కొండల పిల్లలు పెద్ద చదువులకు దిగివచ్చేది చాలావరకు ఈ రెండు ఊళ్లకే. ఒకచోట ఆంత్రోపాలజీ చెప్పి, ఇంకోచోట జర్మన్ చెప్పి, క్రెడిట్లు ఇచ్చిపుచ్చుకున్నా నాకు సంతోషమే. పరీక్షలు మాత్రం ఒకే పూట పెట్టకండి.

ఇంకో రెండు షరతులు కూడా ఉండాలి. మూడో ఏడాది విద్యార్థి ఒక నెల ఏదో ఒక ఊళ్లో ఉండాలి, ఊరు ఒప్పుకుంటేనే. రాసిన దాని కాపీ తెలుగులో ఆ ఊరికి చేరాలి, సంతరోజున నలుగురు కూడినప్పుడు చదివి వినిపించాలి. రెండోది, జర్మన్‌లో మన ప్రాంతం గురించి ఉన్న దాంట్లోంచి ఇరవై పేజీలైనా తెలుగులోకి తెస్తే గానీ డిగ్రీ చేతికి రాకూడదు. పదేళ్లు ఇలా జరిగితే ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది.

"దీనివల్ల ఉజ్జోగమేటి?" అని నాన్న నన్ను అడిగారు. ప్రతి తండ్రీ అడుగుతాడు, అడగాలి కూడా. యూపీఎస్సీ ఆప్షనల్స్‌లో ఆంత్రోపాలజీ ఉంది, అందులో ఒక పేపరు పూర్తిగా భారతదేశం, దాని తెగల మీదే. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కి పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. అలాగని ఉత్త చేతులతో వెళ్లలేం. ఖర్చులకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపించాలి, మా ఇళ్లలో అది కొండంత డబ్బు. అందుకే కొండ పిల్లలకు స్కాలర్‌షిప్ కూడా ఈ కోర్సుతో పాటే ఆలోచించండి. నా దగ్గరికొచ్చే నర్సమ్మలకు మందు పేరు జర్మన్‌లో నేర్పడం తేలిక. నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పని ముసలి జర్మన్ పేషెంటుతో ఎలా మాట్లాడాలో, చావు దగ్గరపడిన ఇంట్లో ఎవరిని ముందు పలకరించాలో నేర్పడానికి భాష ఒక్కటే సరిపోవడం లేదు. అక్కడ నేను నా ఆంత్రోపాలజీ నోట్సులే తీస్తున్నాను. అక్కడికెళ్లిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ఆ ముసలాయన అన్నిటికీ యా, యా అంటన్నాడు. నాను మీరు సెప్పిన సవర అమ్మమ్మ కథ గుర్తు సేసుకుని మళ్లీ ఇంకోలాగ అడిగేను. అప్పుడు ఏడ్సేడు" అంది.

ఆ పాచిపెంట అమ్మాయితో ఆ పది పేజీలు ఇంకా నడుస్తున్నాయి. ఆదివారాలు పొద్దున్న కూర్చుంటాం. ఆరు అయ్యాయి. మొదట్లో నేను చదివి చెప్తే వినేది. ఇప్పుడు డిక్షనరీ తనే తిప్పుతోంది, సందేహం వస్తే అమ్మమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెడుతుంది. కాగితం పక్క ఖాళీలో పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటోంది. నాలుగో పేజీ పక్కన ఇలా రాసింది: "ఇది మా అమ్మమ్మోళ్ల వైపు ఇలాగే. మా ఊళ్లో ఇలా కాదు. ఎందుకో అడగాలి."

ఆ పేజీ జిరాక్సు కాపీ, ఆమె అనుమతితో, ఈ లేఖకు జత చేస్తున్నాను. మీ తర్వాతి అకడమిక్ కౌన్సిల్ సమావేశంలో ఎజెండా కాగితాలతో పాటు దాన్నీ టేబుల్ మీద పెట్టండి. సిలబస్ ముసాయిదా అడిగితే నేను రాసి ఇస్తాను, పిలిస్తే సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
శ్రీకాకుళంలో జర్మన్ నేర్పే ఒక టీచర్